చదువు అప్పులో నాయన సంతకం



ఈ పొద్దు శనక్కాయ ధర మీద మాట్లాడతామని వచ్చింటారు. దానికి ముందు ఇంకో పంట లెక్క చూద్దాం. మన ఇండ్లలో ఇప్పుడు పెద్ద పెట్టుబడి పోతున్నది పిల్లల కంప్యూటర్ ఇంజినీరింగ్ మీదనే.

పోయిన ఖరీఫ్ ముందర పత్తికొండ వైపు మన సభ్యుడొకాయన పంట రుణం రెన్యువల్‌కు బ్యాంకుకు పోయినాడు. ఏటా గడువులోపల కట్టే మనిషి. అయినా కాదన్నారు. కొడుకు చదువు అప్పు కంతులు ఆరు నెలలుగా కట్టలేదు. ఆ అప్పులో తోడు సంతకం తండ్రిది. సిబిల్‌లో బాకీ ఆయన పేరు మీద కూడా కనపడింది. ఆ ఏడు విత్తనాలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నాడు. చదువు అప్పు పిల్లలది అని మనం అనుకుంటాం. కాగితంలో అది మనది కూడా.

చదివించొద్దని మేము అనడం లేదు. కోసిగి, కౌతాళం నుంచి ఇండ్లకు తాళాలేసి గుంటూరు మిరపకోతకు పోతుంటే చూస్తున్నాం. అట్లాంటి బతుకు పిల్లలకు వద్దనుకోవడం తప్పు కాదు. కానీ విత్తే ముందు ధర చూసినట్టే సీటు తీసుకునే ముందు జీతం చూడాల.

లెక్క వేద్దాం. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేండ్లకు నాలుగు లక్షలు అప్పు, వడ్డీ నూటికి పది అనుకుందాం. చదివేటప్పుడూ, ఆ తర్వాత ఇంకో ఏడాదీ కంతు కట్టే పని లేదు. కానీ వడ్డీ డబ్బు ఇచ్చిన రోజు నుంచే నడుస్తుంది. మొదటి లక్షకు అయిదేండ్ల వడ్డీ 50,000, రెండో లక్షకు 40,000, తర్వాత 30,000, 20,000. కంతులు మొదలయ్యే నాటికి నాలుగు లక్షలు 5,40,000 అయింటుంది. పదేండ్లలో తీర్చాలంటే నెలకు 7,100 పైన. మొత్తం కట్టేది ఎనిమిదిన్నర లక్షలు.

ఇంక రాబడి. పెద్ద ఐటీ సర్వీసు కంపెనీలు కొత్తవాళ్లకు 2010 ప్రాంతంలో ఏడాదికి మూడు లక్షల చిల్లర ఇస్తుండె. ఇప్పటికీ ఎక్కువమందికి మూడు, నాలుగు లక్షల మధ్యనే. ఈ లోపల మన డీఏపీ బస్తా రెండింతలు దాటి 1,350 అయింది! పీఎఫ్ పోను చేతికొచ్చేది నెలకు పాతిక వేల లోపు. హైదరాబాదులోనో బెంగళూరులోనో హాస్టలు, తిండి, బస్సు కలిపి పన్నెండు వేలకు తగ్గదు. కంతు పోతే ఐదారు వేలు మిగులుతాయి. ఇరుకే, అయినా మోయొచ్చు. అదే మేనేజ్‌మెంట్ సీటుకు ఎనిమిది లక్షలు తీసింటే కంతు 14,000 దాటుతుంది. ఇంటికి పంపడం దేవుడెరుగు, ఇంటి నుంచే పంపాల. ఇదంతా చదువు అయిపోయిన వెంటనే ఉద్యోగం దొరికితే. ఆఫర్ లెటర్ ఇచ్చి నెలల తరబడి చేర్చుకోకపోవడం 2022 తర్వాత చూసినాం. ఆ నెలల్లో అమీర్‌పేటలో కోర్సుల ఖర్చు వేరే. పంట పోతే పేరుకైనా బీమా ఉంది, దీనికి అదీ లేదు.

కన్వీనర్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది గదా అంటారు. ఉంది, మేనేజ్‌మెంట్ సీటుకు లేదు. ఉన్నదీ సమయానికి రాదు. బకాయి పడినప్పుడల్లా కాలేజీలు తల్లిదండ్రులను కట్టమంటాయి, సర్టిఫికెట్లు ఆపుతాయి. అప్పుడు ఇంట్లో బంగారం కుదువకు పోతుంది. సర్కారు చేసిన ఆలస్యానికి వడ్డీ కట్టేది మనం. శనక్కాయ ధరతో పాటు ఈ బకాయీ మన డిమాండ్లలో ఉండాల్సిందే.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. కన్వీనర్ సీటుకు నాలుగు లక్షల లోపల అప్పు చేయొచ్చు. మేనేజ్‌మెంట్ సీటుకు చేను తాకట్టు పెట్టొద్దు. నాలుగు లక్షల దాకా బ్యాంకులు తాకట్టు అడగకూడదు. ఏడున్నర లక్షల దాకా కేంద్రం 2015లో గ్యారంటీ నిధి పెట్టింది. అయినా పాస్‌బుక్ తెమ్మంటే, ఎందుకో రాసిమ్మని అడగండి. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉంటే, న్యాక్ గానీ ఎన్‌బీఏ గానీ గుర్తింపున్న చోట చదివితే, చదువు కాలానికి వడ్డీ కేంద్రం భరించే పథకం ఉంది. తహసీల్దారు ఆదాయ పత్రం మొదటి ఏడాదే బ్యాంకులో ఇవ్వండి. చేతిలో నాలుగు రూపాయలు ఆడినప్పుడు చదివే కాలంలోనే వడ్డీ కట్టుకుంటూ పోతే, కంతు 5,300 దగ్గర ఆగుతుంది.

పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన పిల్లలుంటే 2008లో పెట్టిన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి అప్లై చేయించండి. పాలిటెక్నిక్ చేసి ఈసెట్ రాస్తే ఇంజినీరింగ్ రెండో ఏడాదిలోనే చేరొచ్చు, ఒక ఏడాది ఫీజు తప్పుతుంది. ఈ దారి మన ఊర్లలో ఎందుకో చిన్నచూపుగా చూస్తారు.

కాలేజీకి పోతే గోడమీద ఫ్లెక్సీలో నలభై లక్షల జీతమొచ్చిన ఒక్క పిల్లోని ఫోటో చూపిస్తారు. మీరు అడగాల్సింది వేరే. ఎంతమంది చదివినారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చినాయి, జీతాలను వరుసలో పెడితే నడిమి పిల్లోనికి ఎంత? ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుకు దరఖాస్తు చేసిన ప్రతి కాలేజీ ఈ లెక్కలు తన వెబ్‌సైట్‌లో పెట్టాల. మనకు చూడను రాకుంటే సంఘం ఆఫీసులో పిల్లలు తీసి చూపిస్తారు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలయ్యే వారం ముందు నుంచి రోజూ సాయంత్రం కూర్చుంటాం. ర్యాంకు కార్డు, ఆదాయ పత్రం తీసుకుని రండి. సంతకం పెట్టాల్సింది మీరు కాబట్టి, పిల్లలను మాత్రమే పంపకుండా మీరూ రండి.