మనవడి మైకు



హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి స్టాండప్ కామెడీ చేస్తానన్నాడు మా మనవడు. రెండు నెలలు వాడితో మాట్లాడలేదు. నిజానికి తప్పు నాదే. 1987లో వచ్చిన జంధ్యాల గారి ‘అహ నా పెళ్లంట’ వాడికి చిన్నప్పుడే చూపించాను. అందులో రాజేంద్రప్రసాద్ గారు హీరో అయివుండీ, పిల్ల కోసం పిసినారిగా నటిస్తూ నానా అగచాట్లు పడతారు.

“తాతయ్యా, ఆయనా సిరామిక్ ఇంజనీరింగ్ చదివినవారే. ముందు మనల్ని చూసి మనం నవ్వుకోవాలని ఆయన దగ్గరే నేర్చుకున్నా” అన్నాడు.

మొన్న మాదాపూర్ వెళ్లి విన్నాను. తన ఇంటి అప్పు సంగతి చెప్పాడు. నన్నూ వదల్లేదు. నవంబరులో వేలిముద్ర పడక, బతికే ఉన్నానని రుజువు చేసుకోలేని తాత కథ! హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను.

మానేయమన్నాను. వాళ్లమ్మకింకా చెప్పలేదు.