పరదేశమునుండి వచ్చిన జ్వరము

పూర్వము విదేశయాత్ర చేయువారు ఓడలలో వారములకొలది ప్రయాణము చేసెడివారు. నౌకలో ఎవరికైన జ్వరము పుట్టినచో అది రేవు చేరులోపలనే బయటపడెడిది. అట్టి ఓడపై పసుపుపచ్చ జెండా ఎత్తి, దానిని ఒడ్డునకు దూరముగా నిలిపి ఉంచెడివారు. నేడట్లు కాదు. ఆఫ్రికాలోనో, బ్రెజిల్‌లోనో దోమకాటు తిన్న మనుష్యుడు ఒకటి రెండు దినములలో హైదరాబాదున విమానము దిగి, ఆ రాత్రికే తన ఊరిలో ఇంటివారితో భోజనమునకు కూర్చుండగలడు. జ్వరము మాత్రము నాలుగైదు దినములు ఆగి వచ్చును. విమానాశ్రయమునందలి తనిఖీకి అది చిక్కదు. కనుక దానిని పోల్చుకొనవలసిన భారము ఊరిలోని వైద్యునిపైనను, ఆయనకంటె ముందు రోగిపైనను పడుచున్నది.

దోమల వలన వచ్చు వైరసు జ్వరములలో డెంగ్యూ, చికన్‌గున్యా, జీకా, పచ్చజ్వరము ముఖ్యమైనవి. పట్టణములలో ఈ నాల్గింటిని మోయునది ఈడిస్ జాతి దోమయే. నల్లని ఒంటిపై తెల్లని మచ్చలు గల ఈ దోమ పగటిపూట కుట్టును. తొట్లలో, కూలర్లలో, పాత టైర్లలో నిలిచిన నీటిలో పెరుగును. మోసెడి దోమ ఒక్కటే అగుటయే గాక, మొదటి లక్షణములును ఇంచుమించు ఒక్కటే: జ్వరము, తలనొప్పి, ఒడలి నొప్పులు, కొందరికి దద్దుర్లు. చికన్‌గున్యాలో కీళ్లనొప్పులును, జీకాలో కండ్లయెఱ్ఱదనమును ఎక్కువగా కనిపించు మాట నిజమే. కాని రెండవనాడో మూడవనాడో రోగిని చూచి, ఇది ఫలానా జ్వరమని రూఢిగా చెప్పుట అనుభవశాలియైన వైద్యునికిని కష్టము.

అందుచేత పరీక్షకంటె ముందు ప్రశ్న రావలెను. ఎక్కడకు పోయి వచ్చితిరి? ఏ తేదీన అక్కడ బయలుదేరితిరి, ఏ తేదీన జ్వరము మొదలైనది? అక్కడ ఎట్టి చోట నివసించితిరి, ఏయే టీకాలు వేయించుకొంటిరి? ఈ ప్రశ్నలు వినుటకు సామాన్యముగా తోచును గాని, సగము రోగనిర్ణయము వీనియందే యున్నది. దోమ కుట్టిన పిదప డెంగ్యూ బయటపడుటకు 3 మొదలు 14 దినములు పట్టును. జీకాకును ఇంచుమించు అంతే. పచ్చజ్వరమునకు 3 మొదలు 6 దినములు. కనుక తిరిగివచ్చిన రెండు వారములు దాటిన పిమ్మట మొదలైన జ్వరమునకు విదేశపు డెంగ్యూ దోమను నిందింప బనిలేదు. మన ఇంటి పెరటి దోమను అనుమానింపవలసి యుండును.

అయితే ఈ లెక్కకు లొంగని జ్వరము మఱొకటి కలదు. అది మలేరియా. దాని కారణము వైరసు కాదు, రక్తకణములలో దాగు పరాన్నజీవి. దోమ కడుపులో ఆ జీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన కనుగొన్నది మన సికిందరాబాదులోనే. మలేరియా తిరిగివచ్చిన వారమునకును రావచ్చును, నెలల తరువాతను రావచ్చును. ఆఫ్రికానుండి తెచ్చుకొన్న ఫాల్సిపరం మలేరియా ఆలస్యమైనచో కొలది దినములలోనే ప్రాణము తీయగలదు. దానికి మంచి మందున్నది. కనుక మలేరియా ఉన్న ప్రాంతమునుండి వచ్చినవారికి జ్వరము వచ్చినచో, ఆనాడే రక్తపు చుక్కను గాజుపలకపై పరీక్షింపవలెను. ఒకమారు కనబడకున్నను, 12 మొదలు 24 గంటల వ్యవధితో మూడు పర్యాయములు చూచిన గాని లేదని తలపరాదు. వైరసు జ్వరమని తొందరపడి పేరు పెట్టి మలేరియాను మఱచుట ప్రాణాంతకమైన పొరపాటు.

ఇక వైరసుల మాట. దొంగ ఇంటిలో నున్నప్పుడు దొంగనే పట్టవలెను. పోయిన పిమ్మట అడుగుజాడలు వెదకవలెను. మొదటి అయిదు దినములలో వైరసు రక్తములో నుండును గనుక, దాని జన్యుపదార్థమును పట్టు పీ.సీ.ఆర్. పరీక్షయు, డెంగ్యూ విషయమున ఎన్.ఎస్.1 పరీక్షయు పనికివచ్చును. అయిదవ దినము దాటిన పిదప దేహము తయారుచేసికొన్న ఐ.జి.ఎం. అను ప్రతిరక్షకములను వెదకవలెను. రెండవనాడు ఐ.జి.ఎం. చేయించి, లేదని వచ్చినంత మాత్రమున డెంగ్యూ కాదనుకొనుట తగదు. జీకాను మూత్రములో మఱికొన్ని దినములు ఎక్కువగా కనుగొనవచ్చును.

ఇందొక చిక్కున్నది. డెంగ్యూ, జీకా, పచ్చజ్వరము ఒకే కుటుంబపు వైరసులు. ఒకదానికై పుట్టిన ప్రతిరక్షకము మఱొకదాని పరీక్షలోను ఉన్నట్లు చూపవచ్చును. పచ్చజ్వరపు టీకా వేయించుకొన్నను అట్టి భ్రమ కలుగవచ్చును. కావుననే టీకాల సంగతి వైద్యునికి చెప్పవలెను. సందేహము మిగిలినచో పెద్ద ప్రయోగశాలలే తీర్చవలెను. 1952లో స్థాపింపబడి, నేడు జాతీయ వైరాలజీ సంస్థయని పిలువబడుచున్న పూనా సంస్థ అట్టిది.

పేరు తేలువరకు రోగి ఏమి చేయవలెను? ద్రవములు ఎక్కువగా త్రాగవలెను. జ్వరమునకు పారాసెటమాల్ తగిన మోతాదులో చాలును. డెంగ్యూ కాదని తేలనిదే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు మ్రింగరాదు. అవి రక్తస్రావమును పెంచగలవు. డెంగ్యూలో అపాయము సాధారణముగా జ్వరము దిగునప్పుడే పొంచియుండును. ఆ సమయమున తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి రక్తము, మగత, అశాంతి కనబడినచో క్షణమైన ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను.

ఒక రోగియొక్క జ్వరమునకు పేరు పెట్టుట ఊరికెట్లు మేలు చేయునో ఇటలీలో జరిగిన సంగతి చెప్పును. 2007 జూన్ మాసములో కేరళనుండి బంధువులను చూడబోయిన ఒక వ్యక్తికి, రవెన్నా ప్రాంతపు పల్లెలో జ్వరము వచ్చినది. అది చికన్‌గున్యా. 1952లో టాంగన్యీకాలో మొదట గుర్తింపబడిన ఈ వ్యాధి పేరునకు అచ్చటి మకొండే భాషలో వంగిపోవుట అని భావము. ఆ ఇటలీ పల్లెలో ఈడిస్ దోమలు సమృద్ధిగా నుండెను. ఆగస్టు వరకు సంగతి పైవారి దృష్టికి రాలేదు. అంతలో అది ఇల్లిల్లు తిరిగి, 200 మందికి పైగా సోకినది. మొదటి వారముననే రోగిని పగలును రాత్రియు దోమతెరలో నుంచి, చుట్టుపట్ల నిలువనీరు పారబోయించియున్నచో కథ వేఱుగా నుండెడిదేమో.

జీకా విషయమున జాగ్రత్త మఱింత లోతైనది. 1947లో ఉగాండా అడవిలో ఒక కోతి రక్తమున కనుగొనబడిన ఈ వైరసు, 2015లో బ్రెజిల్‌లో వ్యాపించినప్పుడు చిన్న తలలతో శిశువులు జన్మించిరి. 2016 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితిని ప్రకటించెను. సోకినవారిలో అధికసంఖ్యాకులకు ఏ లక్షణమును కనబడదు. ఇది దంపతుల సంపర్కమువలనను సోకును. కనుక జీకా ఉన్న దేశమునుండి వచ్చిన పురుషులు మూడు నెలలు, స్త్రీలు రెండు నెలలు సంతానమునకై ప్రయత్నింపక ఆగుట మేలు.

పచ్చజ్వరము ఆసియాలో ఇంతవరకు స్థిరపడలేదు. కాని 2016లో అంగోలానుండి చైనాకు తిరిగివచ్చినవారిలో 11 మందికి ఆ వ్యాధి కనబడినది. దానిని మోయగల దోమ మనకడ నున్నది. అందుచేతనే టీకా పత్రము లేక ఆ దేశములనుండి వచ్చువారిని మన ప్రభుత్వము ఆరు దినములు వేఱుగా ఉంచును. టీకాను ప్రయాణమునకు కనీసము పది దినములు ముందుగా వేయించుకొనవలెను. 2016నుండి ఆ పత్రము జీవితాంతము చెల్లును.

మనవారనేకులు జీవనోపాధికై దూరదేశములకు పోయి, కొద్దిపాటి సెలవుపై ఇంటికి వచ్చుచుందురు. జ్వరము సంగతి నలుగురికి తెలిసినచో తిరిగి పోనీయరేమో, ఉద్యోగము పోవునేమో అను భయముతో కొందరు ప్రయాణపు మాటనే వైద్యునివద్ద దాచుదురు. ఆ భయము అర్థము చేసికొనదగినదే. కాని దాచిన మాటవలన మొదట హాని కలుగునది దాచినవానికే, ఆ పిమ్మట అతని పసిబిడ్డలకును, ఇరుగుపొరుగులకును. విదేశమునుండి వచ్చిన నెలలోపల జ్వరము వచ్చినచో, వైద్యుడు అడుగకున్నను మీరే ముందుగా చెప్పుడు. ఆసుపత్రికి పోవునప్పుడు టీకా పత్రమును, పాస్‌పోర్టును వెంట తీసికొనిపొండు. జ్వరపు తాపములో మీకు తేదీలు గుర్తుండకపోవచ్చును. అందలి ముద్రలు చెప్పును.