నీటి పరీక్ష - స్త్రీల తెలుసుకునే హక్కు

(నెల్లూరు జిల్లా తీర గ్రామాల మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చదివింది సమాజశాస్త్రం, రసాయనశాస్త్రం కాదు. అయినా నీళ్ళలో కలిసే సీసం, ఆర్సెనిక్, పాదరసం, కాడ్మియం వంటి భారలోహాల గురించి మాట్లాడమంటే ఒప్పుకున్నాను. ఎవరి నీళ్ళు పరీక్ష చేస్తారు, దేనికోసం చేస్తారు, ఆ ఫలితం ఎవరి చేతికి వస్తుంది - ఇవి సమాజానికి సంబంధించిన ప్రశ్నలు. వీటికి జవాబు ప్రయోగశాలలో దొరకదు.

మొన్న కృష్ణపట్నం వైపు ఒక ఊరికి వెళ్ళాను. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్ళో ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలని నియమం ఉంది. అలా నేర్చుకున్న ఒకామె అరుగు మీద పెట్టె తెరిచి, గాజు గొట్టంలో నీళ్ళు పోసి, చుక్కల మందు వేసి, రంగు చూసి కాగితం మీద రాసుకుంటోంది. పక్కన కూర్చున్న ముసలామె నన్నడిగింది: "ఏం మేడమ్, మా నీళ్ళల్లో బూడిద సంగతి ఈ గొట్టంలో తెలుస్తాదా?"

తెలియదు. ఆ పెట్టెలో సాధారణంగా ఉప్పు, కాఠిన్యం, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, క్లోరిన్ వంటివి చూస్తారు. సీసానికి, పాదరసానికి, కాడ్మియానికి అందులో చోటు లేదు. పరీక్ష చేసే పని స్త్రీలకు అప్పగించారు. ఏం పరీక్ష చేయాలో నిర్ణయించే అధికారం మాత్రం అప్పగించలేదు. ఇంట్లో నీళ్ళు మోసే పని మనది, బోరు ఎక్కడ వేయాలో తేల్చేది మగవాళ్ళు. ఇదీ అలాంటిదే.

ఆ ముసలామె ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. నేలటూరు దగ్గర శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. చుట్టుపక్కల ప్రైవేటు కేంద్రాలూ ఉన్నాయి. బొగ్గు మండితే బూడిద మిగులుతుంది. మన దేశపు బొగ్గులో బూడిద పాలు చాలా ఎక్కువ. బొగ్గులో అతి కొద్దిగా ఉండే ఆర్సెనిక్, సీసం, క్రోమియం ఆ బూడిదలో చిక్కబడతాయి. పాదరసం ఎక్కువగా ఆవిరై పొగగొట్టంలోంచి పోతుంది. బూడిద చెరువు అడుగు గట్టిగా లేకపోతే ఊట భూమిలోకి దిగుతుంది. మన తీరంలో ఇసుక నేలలు. దొరువుల్లో, చెలమల్లో దొరికే తీపినీరు ఉప్పునీటి మీద పలుచటి పొరలా తేలుతూ ఉంటుంది. పైనుంచి ఏది దిగినా ముందు ఆ పొరలోకే వస్తుంది.

మీ నీళ్ళలో సీసం ఉందని నేను చెప్పటం లేదు. ఉందో లేదో చెప్పే కాగితం మీ చేతిలో ఎందుకు లేదని అడుగుతున్నాను.

ఈ లోహాలకు రంగు, రుచి, వాసన ఉండవు. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగేనీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. అంటే వంద లీటర్లకు ఒక్క మిల్లీగ్రాము. పాదరసమైతే వెయ్యి లీటర్లకు ఒక్క మిల్లీగ్రాము. క్యాన్ల వాళ్ళు నీళ్ళలో ముంచి చూపించే టీడీఎస్ మీటరు కరిగిన లవణాల మొత్తాన్ని చెబుతుంది, అందులో విషం ఎంతో చెప్పలేదు. దీన్ని పట్టుకోవాలంటే అటామిక్ అబ్జార్ప్షన్ వంటి యంత్రం ఉన్న ప్రయోగశాలకు పంపాలి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పట్టి, లోహం సీసా గోడకు అంటుకోకుండా శుద్ధమైన నైట్రిక్ ఆమ్లం కలపాలి. అది ప్రయోగశాల వాళ్ళే చేయాలి, ఇంట్లో ముట్టుకోకండి. ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి పట్టాలి. ఏ బావి, ఎంత లోతు, ఏ తేదీ అన్నవి రాసుకోవాలి. ఏ లోహాలకు పరీక్ష కావాలో పేరు పెట్టి అడగాలి. అడగకపోతే చేయరు.

స్త్రీలమే ఎందుకు అడగాలి? సీసం ఎముకల్లో ఏళ్ళ తరబడి నిల్వ ఉండి, గర్భం వచ్చినప్పుడు కాల్షియంతోబాటు కరిగి రక్తంలోకి వస్తుంది, మాయ దాటి బిడ్డకు చేరుతుంది. ఒంట్లో ఇనుము తక్కువైతే సీసాన్ని, కాడ్మియాన్ని పేగులు ఇంకా ఎక్కువగా పీల్చుకుంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది. అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషికే ఈ విషం ఎక్కువ పడుతుందన్న మాట.

చేపలు పట్టే ఊళ్ళ వాళ్ళం, జపాన్‌లోని మినమాటాను మరవకూడదు. 1956లో అక్కడ జబ్బు బయటపడింది. కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లో చేరింది, వాటిని తిన్న జాలరి కుటుంబాల నరాలు దెబ్బతిన్నాయి. పెద్దగా జబ్బు లక్షణాలు లేని తల్లులకు తీవ్రమైన వైకల్యంతో పిల్లలు పుట్టారు. 1959లో ఆ కంపెనీ వైద్యుడే కర్మాగారపు నీళ్ళు కలిపిన మేత పిల్లికి పెట్టి కారణం కనిపెట్టాడు. కంపెనీ ఆ ఫలితాన్ని దాచిపెట్టింది. కనిపెట్టడం చేతకాక కాదు, కనిపెట్టింది జనానికి చెప్పక ప్రాణాలు పోయాయి.

ఇక శుద్ధి సంగతి. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి కానీ లోహం పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బట్టలో వడగట్టినా, బ్లీచింగ్ వేసినా కరిగిన లోహం పోదు. ఆర్.ఓ. యంత్రం చాలావరకు తీస్తుంది. అయితే తీసినదంతా దాని వ్యర్థజలంలో ఉంటుంది. ఆ నీటిని ఊరి పక్క గుంటలోకి వదిలితే మళ్ళీ నేలలోకే పోతుంది. పైగా డబ్బున్న ఇంటికి క్యాను, లేని ఇంటికి చెలమ. యానాది గూడేనికి ఎప్పుడూ చెలమే. కాబట్టి శుద్ధిని ఒక్కొక్క వంటింటి బాధ్యతగా చేయనివ్వకూడదు. విషం పుట్టేచోట ఆపాలి, అంతవరకు సురక్షితమైన నీళ్ళు ఊరందరికీ ఇవ్వాలి.

ఇది మనకు కొత్త పోరాటం కాదు. 1990లలో రొయ్యల చెరువులతో తీరంలో బావులు ఉప్పబడ్డాయి. కుర్రు గ్రామంలో ఆడవాళ్ళు ఆందోళన చేస్తే గానీ ట్యాంకరు రాలేదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల కేసులో తీరప్రాంత జనం పక్షాన తీర్పు చెప్పింది. హైదరాబాదు జలాశయాల దగ్గర ఒక పరిశ్రమ పెట్టబోతే వచ్చిన ఎం.వి. నాయుడు కేసులో 1999లో అదే కోర్టు మరో ముఖ్యమైన మాట అంది. ప్రమాదం లేదని నిరూపించవలసిన భారం పరిశ్రమ మీదే ఉంటుందని. ఉప్పయితే నాలుక పట్టుకుంది. సీసాన్ని నాలుక పట్టుకోలేదు. అందుకే ఈసారి మనకు కాగితం కావాలి.

నా ప్రతిపాదనలు నాలుగు. ఒకటి, బూడిద చెరువుల చుట్టూ ఉన్న ప్రతి తాగునీటి బావికీ, దొరువుకూ ఏడాదికి రెండుసార్లు భారలోహాల పరీక్ష ప్రభుత్వ ఖర్చుతో జరగాలి. రెండు, నమూనా పట్టేటప్పుడు శిక్షణ పొందిన ఆ ఐదుగురు స్త్రీలు సాక్షులుగా ఉండి సంతకం చేయాలి. మూడు, ఫలితాలు తెలుగులో, ప్రమాణం ఎంత, మన నీళ్ళలో ఎంత అన్నది పక్కపక్కనే రాసి పంచాయతీ గోడ మీద అంటించాలి. నాలుగు, కాలుష్య నియంత్రణ మండలి ఇప్పటికే చేసిన పరీక్షల కాగితాలను 2005 సమాచార హక్కు చట్టం కింద మనమే అడగాలి. పది రూపాయలు, ఒక అర్జీ. ఆ అర్జీ ఈ సాయంత్రమే రాద్దాం.

దూబగుంట ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిబడికి వెళ్ళారు. చదివిందాన్ని తమ బతుకుతో పోల్చుకుని సారా దుకాణం ఎందుకుందని అడిగారు. ఆ ప్రశ్న జిల్లా దాటింది, 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా ఆగింది. ఇప్పుడు మన ఆడపిల్లల చేతికి పరీక్ష గొట్టం ఇచ్చారు. ఆ ముసలామె అడగనే అడిగింది. ఆమెకు జవాబు తెచ్చిపెట్టే పని మనందరిదీ.