తడి అటు, పొడి ఇటు

మన అపార్ట్‌మెంట్లలో షవరూ కమోడూ ఒకే బాత్రూములో ఉంటాయి. ఒకరు స్నానం చేసి వస్తే నేలంతా తడే. ఆ తర్వాత వెళ్లే పెద్దవాళ్లకు జారిపడే భయం. నీళ్లు పోయే జాలీ షవర్ వైపే ఉంటే, ఒక్క కర్టెన్‌తో ఆ తడి చాలావరకు అటే ఆగుతుంది.

కర్టెన్ తగిలించడానికి, ఎదురెదురు గోడలుంటే స్ప్రింగు రాడ్డు చాలు. డ్రిల్లింగ్ అక్కర్లేదు. తిప్పుతుంటే పొడవు పెరిగి, చివర్లలోని రబ్బరు బిళ్లలు గోడల్ని గట్టిగా అదుముకుంటాయి. టైల్స్ మీద సబ్బు జిడ్డుంటే మాత్రం జారిపోతుంది. శుభ్రంగా తుడిచి, ఆరాకే బిగించండి.

రాడ్డు ఎత్తు ఎంత? కర్టెన్ తగిలించి చూడండి. కింది అంచు నేలకు రెండు వేళ్ల ఎత్తులో ఆగాలి. నేలకు తాకితే పాచి పడుతుంది. మరీ పైకుంటే నీళ్లు బయటికి చిమ్ముతాయి.

ముఖ్యమైన మాట. ఈ రాడ్డు కర్టెన్ కోసమే, పట్టుకోవడానికి కాదు. కాలు జారినప్పుడు పట్టుకుంటే అదీ ఊడివస్తుంది. పెద్దవాళ్ల కోసం గోడకు స్క్రూలతో బిగించే హ్యాండిల్ విడిగా పెట్టించండి. మళ్లీ చెబుతున్నాను, రాడ్డు పట్టుకోవడానికి కాదు.

స్నానమయ్యాక కర్టెన్‌ను మడతలు లేకుండా పూర్తిగా లాగి ఉంచండి. త్వరగా ఆరుతుంది, నల్లమచ్చలు పట్టవు.