పిల్లల స్థూలకాయము - ఊరి పూనిక

గ్రామ పెద్దలారా,

బిడ్డ బొద్దుగా నుండుట మన యిండ్లలో చిరకాలముగా శుభలక్షణము. కరవులను, మశూచికమును చూచిన తరములవారికి కండపట్టిన బిడ్డ కంటబడుటయే ఒక ధైర్యము. వాని బరువు తగ్గింపవలెనని యెవరైనను అనినచో అవ్వలు వెంటనే దిష్టి తీయుదురు. అట్టి అవ్వలను నేను తప్పుపట్టను. కాని వారెరిగిన బొద్దుతనము వేరు, నేడు మనము చూచుచున్నది వేరు.

"మన పల్లెలలో పిల్లలు చిక్కి శల్యమగుచుండగా స్థూలకాయమును గూర్చి ప్రసంగమెందుకు?" అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 35 మందికి పైగా వయస్సునకు తగిన ఎత్తు లేనివారని తేలినది. మితిమీరిన బరువు గలవారు నూటికి 3.4 మాత్రమే. ఐనను 2015-16లో ఆ సంఖ్య 2.1. సంఖ్య చిన్నదే, పెరుగుదల చిన్నది కాదు. అదియుగాక ఈ రెండును తరచుగా ఒకే లోపమునకు రెండు ముఖములు. రాగిజావయో, పప్పన్నమో తినవలసిన పిల్లవాడు దుకాణపు పొట్లముతో కడుపు నింపుకొనునాడు వాని కొవ్వు పెరుగునుగాని రక్తము పెరుగదు. చిన్ననాటి స్థూలకాయము పలువురిలో పెద్దతనమునకును వెంటవచ్చును. నడివయస్సువారి వ్యాధి యనుకొన్న మధుమేహము నేడు పడుచువారిని పట్టుచున్నది.

ఫ్రాన్సు దేశపు ఉత్తర భాగమున ఫ్లెర్బే, లవాంతీ అను రెండు చిన్న యూళ్లు కలవు. 1992లో అచ్చటి బడులలో పిల్లలకు ఆహారమును గూర్చిన పాఠములు చెప్ప నారంభించిరి. మొదటి యేండ్లలో ఫలితము కానరాలేదు. పిల్లల బరువు పెరుగుచునే యుండెను. మన యూరైనచో, రెండవ యేటికే ఆ పూనిక మూలబడియుండునేమో! వారు మానలేదు. క్రమముగా ఊరంతయు ఇందులో చేరినది. ఆహారనిపుణులను నియమించిరి, ఆటస్థలములు కట్టిరి, బడులలో వ్యాయామము నేర్పువారిని పెట్టిరి, పిల్లలు బడికి నడచి వచ్చుటకు ప్రత్యేకదినము లేర్పరచిరి, తల్లిదండ్రులను సైతము ఆటలకు పిలిచిరి. 2004 నాటికి ఆ యూళ్ల పిల్లలలో అధికమైన బరువు గలవారు నూటికి 8.8. పోల్చి చూచుటకు ఎన్నుకొన్న ఇతర యూళ్లలో నూటికి 17.8. ఆ యేటనే ఇట్టి పద్ధతిని "ఎపోడ్" అను పేరుతో ఫ్రాన్సులో పది పట్టణములు చేపట్టినవి. పాఠము చెప్పినంతమాత్రమున చాలలేదనియు, ఊరు కదలిన పిమ్మటనే పిల్లలు మారిరనియు నాకు తోచుచున్నది.

మన యూళ్లలో మొదట చూడవలసినది బడి యెదుటి దుకాణము. కొవ్వు, ఉప్పు, చక్కెర అధికముగా గల తినుబండారములను బడి ద్వారమునకు 50 మీటర్ల లోపల అమ్మరాదని 2020లో కేంద్ర ఆహారభద్రతా సంస్థ నియమము చేసినది. ఒక చిన్న సీసాడు, అనగా 250 మిల్లీలీటర్ల, తీపి పానీయములో సుమారు 25 గ్రాముల చక్కెర యుండును. అది ఆరు చెంచాలు! పిల్లవానికి ఒక దినమునకు అంతకు మించరాదు. దుకాణదారుడు మన యూరివాడే. అతని జీవనమును చెడగొట్టుట న్యాయము కాదు. ఉడికించిన సెనగలు, వేరుసెనగకాయలు, అరటిపండ్లు పెట్టుమని పెద్దలు నలుగురు చెప్పి, తామును అచ్చటనే కొనినచో అతడు వినును. పోలీసువానికంటె మీ మాటకే విలువ.

ఇక ఆట. ఐదేండ్లు దాటిన పిల్లలు దినమునకు గంటసేపైనను ఒడలు వంచి, ఆయాసము కలుగునట్లు ఆడవలెనని ప్రపంచారోగ్య సంస్థ చెప్పుచున్నది. దీనికి ఖర్చేమి? చెడుగుడు, కోతికొమ్మచ్చి, తొక్కుడుబిళ్ల చాలును. కావలసినది స్థలము. బడి ఆవరణ సాయంకాలము తాళము పడి, ఊరి బయలు ఇటుకలతోను, ట్రాక్టర్లతోను నిండియున్నచో పిల్లలు చేతిఫోనుకు అంటుకొనక ఏమి చేయుదురు? ఆడపిల్లల గతి మరియు కష్టము. పండ్రెండేండ్లు రాగానే "ఇంక ఆటలేమి?" అని లోపల కూర్చుండబెట్టుదుము. ఈ మాట మానవలసినది మగవారికంటె ముందు ఇంటి పెద్ద ఆడువారు.

లావుగానున్న బిడ్డను నలుగురిలో ఎగతాళి చేయకుడు. అట్టి బిడ్డ ఆటనే మానుకొనును, చాటున తినును. తల్లితో వేరుగా చెప్పుడు.

అంగన్వాడీలో చిన్నపిల్లలను నెలనెలా తూచుదురు. మీరొక దినము అచ్చటికి పోయి, బరువుతోబాటు ఎత్తు కూడ కొలుచుచున్నారా యని అడుగుడు. ఎత్తు తెలియక బరువు మాత్రము చూచినచో, పొట్టియై కొవ్వుపట్టిన బిడ్డ కూడ ఆరోగ్యవంతుల లెక్కలోనే పడిపోవును.