అమ్రాబాదు అడవిలో జాడల లెక్క

అచ్చంపేట సీమనుండి మన్ననూరు మీదుగా శ్రీశైలము పోవు బాట మీలో పెక్కుమందికి పరిచితమే. రాత్రి 9 గంటలు దాటినచో మన్ననూరు వద్ద గేటు మూయుదురు. తెల్లవారి 6 గంటలకు గాని బండ్లను విడువరు. ఆ గేటు ముందు చిక్కుకొని విసుగుకొన్నవారిలో నేనును ఒకడను. రాత్రివేళ మృగములు బాట దాటునని కావలివాడు చెప్పగా, నా ప్రక్కనున్న ఒక పెద్దమనిషి, "ఎవరు చూచినారయ్యా? ఎవరు లెక్కబెట్టినారు?" అని గద్దించెను. ఆయన కోపముతో అడిగినను ఆ ప్రశ్న మంచి ప్రశ్న. ఏ మృగము ఎచట ఉన్నది, ఎంత ఉన్నది, అచటనే ఏల ఉన్నది అను సంగతి మనకు ఎట్లు తెలియుచున్నదో ఈ పూట మీకు విన్నవింపదలచితిని.

ఈ విద్య దొరలు తెచ్చిన క్రొత్త విద్య యని కొందరు తలంతురు. అది సగము మాత్రమే నిజము. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున నుండి కోరమాండల్ తీరపు సర్పములను గూర్చి వ్రాసిన గ్రంథము 1796లో అచ్చయ్యెను. అందులో పాముల పేర్లను ఆయన కల్పింపలేదు; మన పాములవారు చెప్పిన తెలుగు పేర్లనే వ్రాసికొనెను. కాటుకరేకుల పొడ అను పేరు అందున్నది. బంగారు పాము అని మనవారు చెప్పిన మాటనుండియే కట్లపాముల జాతికి లోకమంతటను బంగారస్ అను శాస్త్రనామము వచ్చెను. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గు మన వృక్షములను వర్ణించెను. వానిలో సోమిద చెట్టు నేటికిని సోయ్‌మిడా అను పేరుతోనే శాస్త్రగ్రంథములలో నిలిచియున్నది. పందికొక్కు మాట ఇంగ్లీషులో బాండికూట్ ఐనదని మీరు వినియే యుందురు. కనుక చూచినవాడు మనవాడు, వ్రాసినవాడు పరాయివాడు. వ్రాసినవాని పేరు నిలిచెను. చూపినవాని పేరు నిలువలేదు. ఈ మాటను మనసునందుంచుకొనుడు, మరల దీనియొద్దకే రావలసియున్నది.

మన అమ్రాబాదు పీఠభూమిపై పక్షులను క్రమముగా పరిశీలించినవాడు సాలిం అలీ. నిజాము ప్రభుత్వమువారి సహాయముతో 1931-32లో హైదరాబాదు రాజ్యమంతయు తిరిగి, మన్ననూరునందును ఫరహాబాదునందును విడిది చేసి, ఏ పక్షి ఏ తేదీన ఏ తావున దొరకెనో వ్రాసికొనెను. ఆ వ్రాత 1933-34లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి పత్రికయందు ప్రకటితమయ్యెను. తావు, తేదీ అను రెండు మాటలును చిన్నవే. అవి లేనిచో మాత్రము మిగిలిన వ్రాతయంతయు కథ యగును. అవి యున్నందున, దాదాపు తొంబది యేండ్ల తరువాత ఎవడైనను అదే కొండమీద అదే మాసమున నిలిచి, నాడున్న పిట్ట నేడున్నదా లేదా యని సరిచూడగలడు.

ఇక నా సొంత అనుభవము. 2018 ఆరంభమున దేశమంతట పులుల లెక్క జరిగినప్పుడు నేనును అమ్రాబాదు అడవిలో కొన్నినాళ్ళు నడచితిని. ఈ అభయారణ్యము 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడినది. నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో వ్యాపించియున్నది. 2014లో రాష్ట్రము వేరుపడువరకు ఇది నాగార్జునసాగరు-శ్రీశైలము పులుల అభయారణ్యములోని భాగము. కృష్ణకు ఆవలి భాగము ఆంధ్రమునకు పోగా, ఈవలిది మనకు దక్కినది. పని నియమము ఇట్టిది: మొదటి మూడు దినములు మాంసాహార మృగముల జాడలకై దినమునకు ఐదేసి కిలోమీటర్లు నడువవలెను. పిమ్మట మూడు దినములు తెల్లవారుజామున రెండు కిలోమీటర్ల తిన్నని గీత వెంబడి మెల్లగా నడచి, కనబడిన దుప్పులు, కణుజులు, మనుబోతులు మొదలగువానిని, అవి ఎంత దూరమున నిలిచినవో దానిని కూడ వ్రాయవలెను. గీత వెంబడి చెట్లను, పొదలను, గడ్డిని, నేలపై నున్న పెంటికలను సైతము లెక్కింపవలెను. చెట్టును లెక్కించుట ఏలయని మొదట నాకును తోచినది. ఇప్పపూవు రాలు దినములలో ఎలుగుబంటి ఎచట నుండునో ఇప్పచెట్లు తెలియనివాడు చెప్పలేడు. గడ్డి ఎచట నున్నదో తెలియనివాడు దుప్పిని గూర్చి చెప్పలేడు. దుప్పి తెలియనివాడు పులి మాట ఎత్తనే కూడదు.

నాతోకూడ ఒక చెంచు వృద్ధుడు నడచెను. ఆయన మాటలు తక్కువ. మూడవనాటి ఉదయము గీత చివరకు వచ్చి, నేను పత్రము నింపుచు, కొండగొర్రె యను వరుసలో సున్న చుట్టి, ప్రక్కగడిలో "లేదు" అని వ్రాసితిని. కొండగొర్రెయనగా నాలుగు కొమ్ముల జింక. నాలుగు కొమ్ములు గల అడవి మృగము లోకమున ఇదియొక్కటే. ఇండియాలోను నేపాలులోను తప్ప అడవులలో మరెచటను లేదు. కొమ్ములు పోతుకే యుండును. అది మందలు కట్టదు, పొదల చాటున ఒంటిగా తిరుగును, నీటికి దూరముగా పోదు. వృద్ధుడు నా చేతి పత్రమును చూచి, "ఏం రాస్తున్నవు బిడ్డా?" అని అడిగెను. చెప్పితిని. ఆయన మారుపలుకక గీత విడిచి ఇరువది ముప్పది అడుగులు ప్రక్కకు పోయి, ఒక పొదమొదట నిలిచి చేయి ఊపెను. పోయి చూడగా అచట పెంటికల కుప్ప యున్నది. పాతవి అడుగున తెల్లబారి పొడి యైనవి, పైవి నల్లగా నిగనిగలాడుచున్నవి. "ఈడికే వస్తది. మళ్ల మళ్ల ఈడికే వస్తది. నీకు కనబడకపోతె లేదంటవా?" అనెను.

కొండగొర్రె తన పెంటికలను ఒకే తావున మరల మరల వేయునని పుస్తకములలో నేను చదివినదే. చదివియు చూడలేకపోయితిని. గీత మీదనుండి కంటికి కనబడిన మృగమునే ఆ వరుసలో వ్రాయవలెనను నియమముండుటచేత సున్నను మార్చుటకు వీలులేదు. నియమము మంచిదే, ఒకడు గీత దాటి వెదకి, మరియొకడు దాటక వ్రాసినచో రెండు లెక్కలను పోల్చుట అసాధ్యము. కాని ప్రక్కగడిలోని "లేదు" అను మాటను కొట్టివేసి, "కనబడలేదు, గీతకు కుడివైపున పెంటికల కుప్ప కలదు" అని వ్రాసితిని. కనబడలేదనుటకును లేదనుటకును నడుమ ఎంత దూరమున్నదో ఆనాడు నాకు తెలిసినది. ఈ శాస్త్రములోని కష్టమంతయు ఆ నడుమనే యున్నది.

ఆ దూరమును లెక్కచేయకపోవుటవలన ఎంత చేటు కలుగునో పులి విషయమున మన దేశము అనుభవించినది. 1972లో మొదటిసారి దేశమంతట లెక్కించి 1,827 పులులని చెప్పిరి. 1973లో పులుల రక్షణ పథకము మొదలయ్యెను. ఆ కాలమున అడుగుజాడలే ఆధారము. జాడపై గాజుపలక నుంచి గీత గీసికొని, ఇది ఫలానా పులి యని తేల్చెడివారు. ఇసుకలో పడిన అడుగు ఒక తీరు, బురదలో పడినది ఒక తీరు. అదే పులి రెండు పులులగును. రాజస్థానములోని సరిస్కాలో కాగితముపై పులులు నిండుగా నుండగనే, 2004-05లో చూడగా అడవిలో ఒక్కటియు లేదు. వేటగాండ్రు చంపిరి, లెక్క మాత్రము బ్రతికియుండెను.

అటుపిమ్మట పద్ధతి మారినది. పులి చారలు మన వ్రేలిముద్రల వంటివి. ఒకదాని చారలు మరియొకదానికి ఉండవు. అదే పులికి ఎడమప్రక్క చారలొకటి, కుడిప్రక్క చారలొకటి. కనుక బాటకు ఇరుప్రక్కల చెట్లకు రెండు కెమెరాలు కట్టుదురు. మృగము నడుమ నడువగా అవి తమంతటనే పటము తీయును. 2018 లెక్కలో దేశమంతట 26,838 తావులలో కెమెరాలు నిలిపిరి; 3 కోట్ల 48 లక్షలకు పైగా పటములు వచ్చెను; వానిలో పులి పటములు 76,651.

కెమెరాకు చిక్కని పులుల సంగతి ఏమని మీరడుగుదురు. దానికి మన చెరువే చాలును. చెరువులో ఎన్ని చేపలున్నవో తెలియదు. ఒకనాడు వల వేసి 50 చేపలను పట్టి, రెక్కకు గుర్తు పెట్టి విడిచితిరి. వారము గడచి మరల 50 పట్టితిరి. వానిలో 10 చేపలకు గుర్తున్నది. అనగా పట్టిన ఐదింటిలో ఒకటి గుర్తుగలది. గుర్తుపెట్టిన 50 చేపలు చెరువంతటిలో ఐదవవంతు కావలెను. కనుక చెరువులో 250 ఉండవచ్చును. పులులకు గుర్తును దేవుడే పెట్టియున్నాడు, మనము పెట్టనక్కరలేదు. మొదటి మారు చిక్కిన పులి రెండవ మారు ఎంతతరచుగా చిక్కునో చూచి, చిక్కనివి ఎన్నియో అంచనా కట్టుదురు. ఇది అంచనాయే, కాని ఎంత తప్పవచ్చునో కూడ చెప్పు అంచనా. ఈ పద్ధతిలో 2006లో దేశమున 1,411 పులులని తేలినది, 2022లో తక్కువలో తక్కువ 3,167 అని తేలినది. మన తెలంగాణములో 2018లో 26, 2022లో 21. దేశమున పెరిగినవని సంతోషించుచు మన యింట తగ్గిన సంగతిని మరువరాదు.

ఇచట మీలో కొందరు మనసులో అనుకొనుమాట నేనెరుగుదును: లెక్కింపబడిన చోటికెల్ల తరువాత కంచె వచ్చును, మేకలను ఆపుదురు, గూడెములను లేపుదురు అని. ఈ భయము నిరాధారమని నేను చెప్పజాలను. అభయారణ్యపు నడిభాగములోని గూడెములను వెలుపలికి తరలించు మాట మన యెదుటనే నడచుచున్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ప్రకారము గ్రామసభ అనుమతి లేక అది జరుగరాదు. అయితే లెక్క లేకుండుట మనకు రక్షణ యని తలచుట పొరపాటు. 2019లో యురేనియము త్రవ్వకము మాట వచ్చినప్పుడు ఈ సీమవారు ఎదురు నిలిచిరి. ఆ సెప్టెంబరులో శాసనసభ వలదని తీర్మానించెను. ఆనాడు మనవారి వాదములో మనుష్యులతోపాటు పులియు, కృష్ణనీరును సాక్ష్యము పలికినవి. వ్రాతలో లేని మృగము సాక్షిగా రాలేదు.

నా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది. ఆ నడకను గూర్చి తరువాత నేనొక చిన్న వ్యాసము వ్రాసితిని. కొండగొర్రె కుప్ప సంగతి అందులో నున్నది, తావు తేదీలతో సహా. వృద్ధుని పేరు లేదు. "స్థానికుల సహాయముతో" అని వ్రాసి ఊరకుంటిని. రస్సెల్ పాములవారికి ఏమి చేసెనో నేనును నా సీమవానికి అదే చేసితిని. మరల కలిసినప్పుడు చెప్పితిని. ఆయన నవ్వి, పేరుకేమి గాని పొదచుట్టును కాల్చకుండ చూడుమనెను.

ఇప్పుడు మీ వంతు పని యొకటి కలదు. మీ చిన్నతనమున చచ్చిన పశువును ఊరి వెలుపల పడవేసినచో క్షణములో రాబందులు గుమిగూడుట మీరెల్లరు చూచినదే. అవి యేమైనవి? పశువులకు నొప్పి తగ్గుటకిచ్చు డైక్లోఫెనాక్ అను మందు కళేబరమునుండి వాని కడుపులోనికి పోయి మూత్రపిండములను చెరచినదని 2004లో వెల్లడియైనది. 2006లో ఆ మందును పశువులకిచ్చుట నిషేధింపబడెను. 1990ల ఆరంభమున బాటల వెంబడి గద్దలను రాబందులను లెక్కించిన వ్రాతలు ఉండుటచేతనే, తెల్లవీపు రాబందు 1992లో వేయి యున్నచోట 2007 నాటికి ఒక్కటి మాత్రమే మిగిలినదని చెప్పగలిగిరి. మన పల్లెల పొలిమేరలలో అట్టి లెక్క వ్రాసినవారిని నేనెరుగను. అవి ఏ యేట చివరగా దిగెనో మీకే జ్ఞాపకముండును.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతీలో ఒక కమిటీయు, ఒక రిజిస్టరును ఉండవలెను. చాలచోట్ల ఆ పుస్తకము బీరువాలో నున్నది. దానిని తీయించుడు. మీరు చివరిసారి రాబందును చూచినది ఏ బావి యొద్ద, ఏ కరువు నాటికి ముందో వెనుకో, ఎవరి యెద్దు చచ్చినప్పుడో చెప్పి, బడిపిల్లవానిచేత వ్రాయించుడు. తేదీ తెలియకున్న పంట చెప్పుడు, పండుగ చెప్పుడు. కొండగొర్రె, రేచుకుక్క, బట్టమేక పిట్ట, సోమిద చెట్టు, ఏది చూచిన దానిని చెప్పుడు. చూడనిదానికి "లేదు" అని వ్రాయనీయకుడు. "కనబడలేదు" అని వ్రాయించుడు. ఆ వరుస చివర చెప్పినవారి పేరు తప్పక వ్రాయించుడు.