జూనియర్ కాలేజీ పెట్టే ముందు



కోహెడలో మన సొసైటీ తరఫున ఒక జూనియర్ కాలేజీ పెడదామని చాలామంది అంటున్నారు. గదులు కట్టిస్తామని కొందరు ముందుకొచ్చారు. అల్లాహ్ వారికి బర్కత్ ప్రసాదించుగాక. నా భయమంతా గదుల గురించి కాదు, జీతాల గురించి.

బడిలో పది తరగతులుంటాయి. ఒకదాంట్లో పిల్లలు తగ్గినా మిగతావి మోస్తాయి. ఇంటర్‌కు ఉన్నవి రెండేళ్లే. ఒక జూన్‌లో చేరికలు పడిపోతే ఆ లోటు మరుసటి ఏడాదీ వెంట వస్తుంది. బైపీసీలో 20 మంది ఉన్నా, 80 మంది ఉన్నా బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్, ఉర్దూ చెప్పేవారు ఉండాల్సిందే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను నమ్ముకొని జీతాల తేదీ పెట్టలేం. పైగా సర్కారీ జూనియర్ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేదు. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ ఛార్జీ కూడా లేదు. హుస్నాబాద్ పోయి చదవడం సులువైంది. మంచిదే, కానీ మన లెక్కలో అదీ రాసుకోవాలి.

రంజాన్‌లో మనకొచ్చేది ఎక్కువగా జకాత్. హనఫీ ఉలమా చెప్పేదాని ప్రకారం అది పేదవారి సొంతం కావాలి. గోడలకు, లెక్చరర్ల జీతాలకు నేరుగా వాడకూడదు. జీతాలకు లిల్లాహ్ సొమ్మే దిక్కు. అది నెలనెలా రావాలి.

అందుకే గదులు కట్టిస్తామన్న దాతలను ఒకటి అడుగుతున్నాను. ఆ డబ్బుతో ముందు రెండు దుకాణాలు కట్టి వక్ఫ్ చేయండి. వాటి అద్దె జీతాలకు పోతుంది. అందాకా హుస్నాబాద్ పోయే మన పేదపిల్లల పుస్తకాలకు, పరీక్ష ఫీజుకు ఈ ఏటి జకాత్ వాళ్ల చేతికే ఇద్దాం.